విండోస్ 7 మీద ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్: ఆన్‌లైన్ సెంటరు వాడకంలో తేలిన సంగతులు

నల్లగొండ క్లాక్‌టవర్ ప్రాంతంలోని మా జిరాక్స్, ఆన్‌లైన్ సెంటరులో విండోస్ 7తో నడిచే పాత కంప్యూటర్లు ఇంకా రోజూ పనిచేస్తున్నాయి. వాటిలో మేము వాడుతున్న బ్రౌజరు ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ రిలీజ్, అంటే ఎక్కువ కాలం సవరణలు అందే వెర్షను). ఎప్‌సెట్ దరఖాస్తులు, దోస్త్ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్ రెన్యూవళ్లు వంటి రద్దీ కాలాలన్నింటినీ దీని మీద దాటాము కనుక, యంత్రాలను ఒక్కసారిగా మార్చుకునే స్తోమత లేని సెంటర్ల వారికి పనికివస్తుందని దీని మంచిచెడ్డలు రాస్తున్నాను.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. గూగుల్ మరో మూడేళ్లు ఓపిక పట్టి, 2023 జనవరిలో వచ్చిన క్రోమ్ 109తో చేతులెత్తేసింది. మైక్రోసాఫ్ట్ బ్రౌజరు ఎడ్జ్ కూడా అదే సంఖ్య దగ్గర ఆగింది. మద్దతు ఆగిన బ్రౌజరు ఆనాడే మూలన పడదు, చిక్కంతా అక్కడే ఉంది. పేజీలు తెరుచుకుంటూనే ఉంటాయి, ఫారాలు నిండుతూనే ఉంటాయి, కానీ ఆ తర్వాత బయటపడిన భద్రతా లోపాలకు దానికి సవరణ అందదు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా మాత్రం 2023 జూలైలో విడుదల చేసిన 115ను దీర్ఘకాల మద్దతు వెర్షనుగా నిలిపి, విండోస్ 7, 8, 8.1 యంత్రాలకు భద్రతా సవరణలు పంపుతూ వచ్చింది. మొదట 2024 సెప్టెంబరు వరకే అన్న గడువును తర్వాత ఒకటికి మించిన సార్లు పొడిగించింది. మేము దీనివైపు మొగ్గడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం రూట్ సర్టిఫికెట్లు. ఒక వెబ్‌సైటు తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్‌ను ఎవరు జారీ చేశారో, వారిని నమ్మవచ్చో లేదో బ్రౌజరు ఒక జాబితా చూసి తేల్చుకుంటుంది. ఆ జాబితాలో ఉండేవే రూట్ సర్టిఫికెట్లు. క్రోమ్ 2022 వరకు ఈ విషయంలో విండోస్ దగ్గరున్న జాబితా మీదే ఆధారపడింది. ఫైర్‌ఫాక్స్ మొదటి నుంచీ సొంత జాబితాను వెంట తెచ్చుకుంటుంది. 2021 సెప్టెంబరు 30న, వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు, అప్‌డేట్లు నిలిచిపోయిన పాత సిస్టంలు ఎన్నో సైట్లను నమ్మలేమంటూ హెచ్చరికలు చూపాయి. అటువంటి చోట ఫైర్‌ఫాక్స్ తన జాబితాతోనే నెట్టుకురాగలిగింది. దీనికి తోడు 2020లో ప్రధాన బ్రౌజర్లన్నీ టీఎల్ఎస్ (బ్రౌజరుకూ సైటుకూ మధ్య సమాచారాన్ని రహస్యంగా పంపే పద్ధతి) పాత వెర్షన్లు 1.0, 1.1లను పక్కన పెట్టాయి. ఆపరేటింగ్ సిస్టం ఎంత పాతదైనా, 2018లో ఖరారైన టీఎల్ఎస్ 1.3 కూడా ఫైర్‌ఫాక్స్‌లో పనిచేస్తుంది, ఎందుకంటే ఆ పని అది విండోస్‌కు అప్పగించదు.

ఇక్కడ బ్రౌజరుకు సంబంధం లేని ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నింద ఎప్పుడూ బ్రౌజరు మీదే పడుతుంది. పాత మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు తారీఖు ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. సర్టిఫికెట్‌కు మొదలు, చివర తేదీలు ఉంటాయి కాబట్టి, బ్రౌజరు లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. ఒక విద్యార్థి ‘అన్నా, నా ఫోన్ల మంచిగ ఓపెన్ అయితుంది, మీ సిస్టంల ఎందుకు అయితలేదు?’ అని అడిగితే నేను మొదట చూసేది స్క్రీను మూలనున్న గడియారాన్నే. సీఆర్ 2032 బ్యాటరీ ఏ వాచీల దుకాణంలోనైనా దొరుకుతుంది.

ఇన్‌స్టాల్ చేయడం కష్టమేమీ కాదు. మరీ పాత బ్రౌజరున్న యంత్రంలో డౌన్‌లోడ్ పేజీయే తెరుచుకోకపోవచ్చు కాబట్టి, వేరే కంప్యూటరులో పూర్తి ఇన్‌స్టాలర్‌ను మొజిల్లా సైటు నుంచే దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. తెలిసినవారు పంపిన ఫైలును మాత్రం వాడవద్దు.

లోపాల విషయానికి వస్తే, ఈ వెర్షనుకు సవరణలు వస్తాయే గాని కొత్త సామర్థ్యాలు రావు. పేజీల రూపానికి సంబంధించి ఫైర్‌ఫాక్స్ 117లో, 121లో చేరిన సదుపాయాలు ఇందులో లేవు. వాటిని నమ్ముకొని కట్టిన పేజీల్లో బటన్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, మెనూలు తెరుచుకోవడం లేదు. ఏళ్లు గడిచే కొద్దీ ఇది పెరుగుతోంది. కొన్ని సైట్లు వెర్షను సంఖ్య చూసే వెనక్కి పంపుతున్నాయి, వాటితో వాదించి లాభం లేదు. ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపితే ఇంకా ఇబ్బంది: మొజిల్లా సొంత రూట్ సర్టిఫికెట్ ఒకటి 2025 మార్చి 14న గడువు తీరింది, 115.13 కంటే పాత ఈఎస్ఆర్ ఉన్నవారికి యాడ్-ఆన్‌లు (బ్రౌజరుకు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) పనిచేయకుండా పోయే పరిస్థితి వచ్చింది. నెట్ డేటా మిగులుతుందని అప్‌డేట్లు ఆపేసే అలవాటు మన సెంటర్లలో ఎక్కువ, అది మానుకోవాలి.

వేగం గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. రెండు జీబీ ర్యామ్ మీద నాలుగైదు ట్యాబులకు మించి తెరవకపోతే చాలు.

అయినా బ్యాంకు పనులు, ఫీజుల చెల్లింపులు ఈ పాత యంత్రాల మీద చేయనివ్వము. బ్రౌజరు తాజాగా ఉన్నా కింద ఉన్న విండోస్‌కు 2020 నుంచి కాపలా లేదు, బ్రౌజరుకు వచ్చే సవరణలు విండోస్ లోపాలను పూడ్చలేవు. దరఖాస్తు నింపడం, హాల్‌టికెట్ ప్రింటు వంటివి ఇక్కడ, డబ్బు దాటే పని కొత్త యంత్రం మీద అన్నది మా సెంటరులో నియమం. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ఒక పాత యంత్రానికి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాము, దాని మీద సరికొత్త ఫైర్‌ఫాక్స్ ఇబ్బంది లేకుండా నడుస్తోంది. మిగతావాటిని కూడా అటే మార్చేవాళ్లమే గాని, మా స్కానరుకు, వేలిముద్రల పరికరానికి మాకు దొరికిన డ్రైవర్లు విండోస్‌వే. ఆ రెండూ మారేవరకు మిగతా యంత్రాల్లో 115 ఈఎస్ఆరే ఉంటుంది. మొజిల్లా సవరణలు నిలిపిన నాడు నెట్ కేబులు పీకి, వాటిని స్కానింగుకే ఉంచుతాము.