వయోలిన్ నేర్పడం: చెవితో మొదలుపెట్టాలా, కాగితంతోనా?

పిల్లలను వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఇదే: "మన కర్ణాటక సంగీతంలో చేర్పించమంటారా, గ్రేడ్ పరీక్షలుండే వెస్టర్న్‌లోనా? సుజుకీ అని ఇంకోటి ఉందట, అది మంచిదా?"

మూడింటిలోనూ వాయిద్యం ఒకటే. తేడా కూర్చోవడం దగ్గరే మొదలవుతుంది. మనం మఠం వేసుకుని, వయోలిన్ తలను కుడి పాదానికి ఆనించి వాయిస్తాం. ఎడమచేతి మీద బరువు పడదు కాబట్టి వేళ్లు తీగ మీద హాయిగా జారుతాయి, గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలుకుతుంది. వెస్టర్న్‌లో నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు. తీగలను మనం స-ప-స-ప అని శ్రుతి చేస్తే వాళ్లు జి-డి-ఎ-ఇ అని చేస్తారు.

ఇక నేర్పే తీరు. వీణకున్నట్టు వయోలిన్‌కు మెట్లుండవు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేది చెవి ఒక్కటే. అందుకే మన దగ్గర గురువు పాడతారు, శిష్యుడు పాడతాడు, ఆ తర్వాతే కమాను (బో) పట్టడం. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలన్నీ మాయామాళవగౌళ రాగంలోనే. ఆ రాగంలో రి, గ మధ్య ఎడం ఎక్కువ. గ, మ పక్కపక్కనే ఉంటాయి. చిన్నపిల్లల రెండోవేలు ఆ ఎడం అందుకోలేక గాంధారం (గ) దగ్గర ఎప్పుడూ కాస్త కిందే ఆగుతుంది. "గ అను" అని నోటితో పాడించి చూడండి, వేలు తనంతట తానే పైకి జరుగుతుంది. ఇది నేను కొన్ని వందలసార్లు చూశాను, ఇప్పటికీ చూసినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

కొందరు వేలు పెట్టాల్సిన చోట స్టిక్కర్లు అంటిస్తారు. మొదటి నెల సాయపడతాయి, కాదనను. కానీ తోడి రాగంలోని గాంధారానికి స్టిక్కర్ ఎక్కడ అంటిస్తాం? అది ఒక చోట నిలిచే స్వరం కాదు కదా.

జపాన్‌లో షినిచి సుజుకీ (1898–1998) చెప్పింది కూడా చెవి మాటే. పిల్లలు మాతృభాషను వింటూ వింటూ మాట్లాడటం నేర్చుకున్నట్టే సంగీతమూ నేర్చుకుంటారని ఆయన నమ్మకం. రోజూ ఇంట్లో రికార్డింగులు వినిపించాలి, నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం తర్వాత సంగతి. పిల్లల చేతి కొలతకు సరిపోయే 1/8, 1/4, 1/2 సైజు వయోలిన్లతో మొదలుపెడతారు. నన్ను కదిలించింది మాత్రం ఇంకొకటి: పిల్లవాడి చేతికి వయోలిన్ ఇచ్చేముందు ఆయన తల్లికి ఒక పాట వాయించడం నేర్పేవారు. అమ్మ వాయిస్తుంటే చూసి, నాకూ కావాలని పిల్లవాడే అడగాలన్నమాట. మన పద్ధతిలో లోటు సరిగ్గా ఇక్కడే ఉంది. చాలా ఏళ్లు నేను తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టేదాన్ని. వారం తిరిగేసరికి పిల్ల తప్పునే సాధన చేసుకుని వచ్చేది. సరిచేసేవాళ్లు ఇంట్లో లేకపోతే పాపం ఆ పిల్ల ఏం చేస్తుంది?

వెస్టర్న్ గ్రేడ్ పద్ధతి బలం కమానులో ఉంది. పూర్తి కమాను, సగం కమాను, మణికట్టు వంపు, ఒత్తిడి, అన్నీ దేనికదే విడిగా నేర్పుతారు. విజయనగరం సంగీత కళాశాలలో ఎందరినో తీర్చిదిద్దిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాశ్చాత్యుల కమాను పనితనాన్ని శ్రద్ధగా గమనించి తమ వాయింపులోకి తెచ్చుకున్నారు. అది మనమూ తీసుకోవాల్సిందే. అయితే మొదటి రోజు నుంచే కాగితం పెడితే చెవి బద్ధకిస్తుంది. రెండేళ్లు అలా నేర్చుకున్న అమ్మాయి ఒకసారి నా దగ్గర చేరింది. పుస్తకం చూసి చక్కగా వాయించింది. పుస్తకం మూసి, నేను పాడిన నాలుగు స్వరాలు వాయించమంటే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ఆ పిల్ల తప్పు ఇసుమంతైనా లేదు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉండి ఆన్‌లైన్‌లో నేర్చుకునేవాళ్లకు ఒక్క మాట. వీడియో కాల్ యాప్ సాగే నాదాన్ని చప్పుడనుకుని కోసేస్తుంది. ఒరిజినల్ సౌండ్ సెట్టింగు ఉంటే పెట్టుకోండి. కలిసి వాయించడం అక్కడ కుదరదు కాబట్టి పాఠాన్ని రికార్డు చేసుకుని వినాలి. కనీసం మొదటి కొన్ని నెలలు ఎదురుగా కూర్చుని చెయ్యి సరిచేసే మనిషి దొరికితే వదులుకోవద్దు.

నన్నడిగితే మన పిల్లలకు కర్ణాటక పద్ధతే మేలు. సుజుకీ దగ్గర నుంచి ఇంటి తోడును, వెస్టర్న్ నుంచి కమాను క్రమశిక్షణను దానికి కలపాలి. స్వరం రాసుకోవడం రెండో ఏట, గీతాలు (తొలి చిన్న పాటలు) నోటికి వచ్చాక మొదలుపెట్టొచ్చు. వెస్టర్న్ ఆర్కెస్ట్రాలో వాయించాలన్నది పిల్లల కోరికైతే మాత్రం మొదటి నుంచీ అందులోనే చేర్చండి. వయోలిన్ పట్టే రెండు తీరులూ ఒకేసారి వద్దు, చెయ్యి తికమకపడుతుంది.

ఇప్పుడు నా దగ్గర చేరేవాళ్లకు ఒక షరతు పెడుతున్నాను. మొదటి మూడు నెలలు అమ్మో నాన్నో తాతయ్యో, ఎవరో ఒకరు పాఠంలో పక్కనే కూర్చోవాలి. ఇంట్లో రోజూ 15 నిమిషాలు శ్రుతి పెట్టి, పిల్లతోపాటు వాళ్లూ స-ప-స పాడాలి.