థార్ ఎడారిలో వేసవి మేత: ఒంటెను మేపుకు వదలడమా, కట్టేసి మేపడమా?

బికనీర్, జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో వానాకాలం పోయేదాకా ఈ ప్రశ్న రాదు. జూలైలో నాలుగు జల్లులు పడితే సేవణ్ గడ్డి లేస్తుంది, రేగు పొదలు పచ్చబడతాయి. ఒంటెను వదిలేస్తే చాలు, ఇంటి దగ్గర మేత గంప దించే పని ఉండదు. చిక్కంతా ఫిబ్రవరి నుంచి జూన్ దాకానే. ఒంటె చూలు 13 నెలలు, ఈతలు ఎక్కువగా చలికాలంలో. అంటే పాలు దిగే రోజుల్లోనే గడ్డి కరువవుతుంది.

మేపుకు వదిలితే ఒంటెకు దొరికేది తక్కువేమీ కాదు. ఖేజ్రీ, అంటే మన జమ్మి, అన్నీ ఎండిపోయే వేళ కొత్త ఆకు వేస్తుంది. ఆ తర్వాత కాయలు రాలతాయి. కైర్, జాల్, ఫోగ్ పొదలూ ఉంటాయి. ఉప్పగా ఉండే లాణా పొద ఉన్న చోట ఒంటెకు ఉప్పు కూడా మేపులోనే అందుతుంది. చీలిన పై పెదవితో ముళ్ల మధ్య నుంచి ఆకు ఏరుకుంటుంది, మూడు మీటర్ల ఎత్తు కొమ్మకూ మూతి అందిస్తుంది. ఒక్క చెట్టు దగ్గరే నిలబడి దులిపేయదు, నాలుగు నోళ్లు తిని ముందుకు సాగుతుంది. పది రకాల ఆకు కలిసి కడుపులోకి పోవడం వల్ల ఏ ఒక్క మొక్కలోని విషమూ, వగరూ ఎక్కువ కాదు. అయితే ఇలా కడుపు నింపుకోవడానికి రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలి. పొద్దున బండి లాగించి మధ్యాహ్నం మూడు గంటలు వదిలితే అది మేపు కిందికి రాదు.

వేసవి మేపులో లోటు పడేది మాంసకృత్తులని చాలామంది అనుకుంటారు. ఎండు జమ్మి ఆకులో అవి సుమారు 12–14 శాతం ఉంటాయి, లెక్కకు లోటు లేదు. కానీ ఆ ఆకు వగరు. వగరుకు కారణమైన టానిన్లు మాంసకృత్తులను పట్టేసుకుంటాయి, సగం సరుకు పేడలో పోతుంది. అయినా అంతకన్నా ఎక్కువగా తగ్గేది శక్తి. అందుకే పగలంతా జమ్మి తిని వచ్చిన ఒంటె ముందు రాత్రి మళ్లీ ఎండు జమ్మి ఆకు (అక్కడ దీన్ని లూంగ్ అంటారు) పోయడం దండగ. ఆ పూట గోరుచిక్కుడు పొట్టో, శనగ పొట్టో, వేరుశనగ కట్టో మేలు. లూంగ్, పాలా రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే పాలాకే నా ఓటు. అది ఎండు రేగు ఆకు, వగరు తక్కువ, అరుగుదల ఎక్కువ.

ఇక పూర్తిగా కట్టేసి మేపడం. 500 కిలోల ఒంటెకు రోజుకు 9–10 కిలోల ఎండు మేత కావాలి. 7 కిలోల గోరుచిక్కుడు పొట్టు, 2 కిలోల పాలా, కిలో సజ్జ రవ్వ అనుకుంటే లెక్క సరిపోతుంది. పచ్చి ఆకు తినేటప్పుడు రోజుల తరబడి నీళ్లు అడగని జంతువే పొట్టు మీద బతికితే వేసవిలో రోజుకు 30–50 లీటర్లు తాగుతుంది. ఈ ఖర్చు చాలామంది ముందు లెక్కలో వేసుకోరు. నేల మీద పోస్తే మేతతోపాటు ఇసుక కడుపులో చేరి నొప్పి పుడుతుంది, కాబట్టి తొట్టి ఎత్తుగా ఉండాలి. పొట్టును తూర్పారబట్టి దుమ్ము తీయాలి. ప్లాస్టిక్ సంచి ముక్కలు, తాళ్లు ఏరేయాలి, అవి కడుపులో ఉండకట్టి ప్రాణం తీస్తాయి. పక్కపక్కన కట్టిన మందలో గజ్జి ఒకదాన్నుంచి ఇంకోదానికి త్వరగా పాకుతుంది. జబ్బుపడినవాటికీ, కరువు ముదిరి కొమ్మ కూడా మిగలని ఏడాదికీ ఇది తప్పదు. మామూలు ఏడాదిలో చేతి చమురు వదిలించుకోవడమే.

మేలైనది నడిమి దారి: పగలు మేపు, సాయంత్రం గంప. పని లేని, పాలివ్వని పెద్ద ఒంటెకు 2–3 కిలోల పొట్టు, ఉప్పు చాలు, దాణా అక్కర్లేదు. పాలిచ్చేదానికి, బండి లాగేదానికి పొట్టుతోపాటు కిలో నుంచి కిలోన్నర సజ్జ రవ్వ. చలికాలమంతా మదంతో సరిగా తినని మగ ఒంటె వేసవికి చిక్కిపోయి వస్తుంది, దానికీ అంతే. సజ్జలు గింజగా వేస్తే చాలావరకు గింజగానే బయట పడతాయి, తిరగలిలో విసిరి పెట్టాలి. మొదటి రోజు పావు కిలోతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచాలి. ఒక్కసారిగా రెండు కిలోలు పెడితే కడుపు పులుస్తుంది: నెమరు ఆగుతుంది, డొక్క ఉబ్బుతుంది, పేడ పలచబడుతుంది. అప్పుడు దాణా ఆపి, పొట్టు మాత్రమే ఉంచి పశువైద్యుణ్ణి పిలవాలి.

ఉప్పు సంగతి విడిగా చెప్పాలి. రోజుకు కనీసం 50–60 గ్రాములు, చెమటోడ్చేదానికి 100 గ్రాములు. ఉప్పు దిమ్మె వేలాడదీస్తే ఆవు నాకినంత చురుగ్గా ఒంటె నాకదు. పొడి ఉప్పును మేతలో కలపడమే నయం. లాణా మేసిన ప్రాంతంలో సగం తగ్గించవచ్చు.

ఏ పద్ధతైనా ఒక్కటి మాత్రం చేయకూడదు. చవగ్గా వస్తుందని కోళ్ల దాణాను గంపలో కలపకూడదు. కోళ్లకు వచ్చే పేగు రోగానికి అందులో వేసే సాలినోమైసిన్, కొన్ని పశు దాణాల్లో ఉండే మొనెన్సిన్ ఒంటెకు విషం. కండరాలు దెబ్బతిని లేవలేక కూలబడుతుంది, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, చాలాసార్లు చికిత్సకు వ్యవధి ఉండదు. సంచి మీద ఏముందో చదవకుండా, లేదా ముందు కోళ్ల దాణా కలిపిన యంత్రంలోనే ఒంటె దాణా ఆడించి తెస్తే ఈ ముప్పు తెలియకుండానే ఇంటికొస్తుంది.

గంప సరిపోతోందా లేదా అన్నది మూపురం చెబుతుంది. అది నీళ్ల సంచి కాదు, కొవ్వు నిల్వ. పదిహేను రోజులకోసారి చేత్తో నొక్కి చూడాలి. గట్టిగా నిలబడి ఉంటే దాణా పెంచే పని లేదు, మెత్తబడి ఒక పక్కకు ఒరిగితే అరకిలో పెంచాలి. జూలైలో పచ్చిక రాగానే దాణాను వారంలో మెల్లగా తగ్గించి మానేయవచ్చు, ఉప్పు మాత్రం ఆపకూడదు.