వీధి ఫైర్ అలారం పెట్టె: కొన్నేళ్లు వాడాక

మంటలు కనపడితే ఫైర్ స్టేషన్‌కి కబురు పంపడానికి ఒకప్పుడు అమెరికా వీధి మూలల్లో ఉండే గేమ్‌వెల్ కంపెనీ ఎర్ర పెట్టె ఇది. ముందువైపు మెరుపుల్ని పట్టుకున్న పిడికిలి గుర్తు. పాత సామాన్ల వేలంలో కొని, బోస్టన్ దగ్గర మా ఇంటి బేస్‌మెంట్‌లో బిగించాను. ఒక పవర్ సప్లై, ఒక పాత గంట కలిపి కొన్నేళ్లుగా మోగిస్తున్నాను. ఇంట్లోవాళ్లు అలవాటు పడ్డారు, చుట్టాలే ఇంకా ఉలిక్కిపడతారు.

హుక్కు కిందికి లాగి వదిలేస్తే చాలు. స్ప్రింగు పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, ఆ పెట్టె నంబరుని గంట కొడుతుంది. ఒక్కో పెట్టెకీ ఒక నంబరు, దాన్నిబట్టే చోటు తెలిసేది. 235 అయితే రెండు, కాస్త ఆగి మూడు, ఆగి ఐదు. అలా నాలుగుసార్లు. ఎంత కంగారుగా లాగినా వేగం మారదు. 1852లో ఈ పద్ధతి కనిపెట్టిన చానింగ్, ఫార్మర్ బోస్టన్‌లో పెట్టించిన మొదటి పెట్టెలకి చేత్తో తిప్పే హ్యాండిలే ఉండేది. టెన్షన్‌లో గబగబా తిప్పితే నంబరు కలగాపులగం అయ్యేది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వైరింగ్. లైనులో ఎప్పుడూ సుమారు 100 మిల్లీఆంపియర్ల కరెంటు ఉంటుంది. పెట్టె దాన్ని తెంపుతూ కలుపుతూ నంబరు పంపుతుంది. కాబట్టి ఎక్కడ తీగ తెగినా వెంటనే తెలిసిపోతుంది. మా ఎలక వైరు కొరికినప్పుడు ఠంగుమని ఒక్క దెబ్బ వినపడింది, అంతే, వెళ్లి చూశాను.

ఇక ఇబ్బందులు. పాత గ్రీజు గట్టిపడి మొదట్లో మధ్యలోనే ఆగిపోయేది. విప్పి కడిగి, గడియారాల నూనె వేశాక దారికొచ్చింది. కాంటాక్టుల దగ్గర రవ్వలు లేస్తుంటే గంట కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) పెట్టాను. అమ్మినాయన తాళంచెవి ఇవ్వలేదు, దానికి వేరే వెతుకులాట. తాళాల గొడవ పాతదేలెండి: 1872 నాటి బోస్టన్ మహా అగ్నిప్రమాదం రోజుల్లో వీధి పెట్టెలకి తాళాలుండేవి, తాళంచెవులేమో పోలీసుల దగ్గర. 52వ నంబరు పెట్టె మోగేసరికే మంటలు బాగా ఎగబాకాయి.

ఇది చెప్పేది చోటు ఒక్కటే. ఏం కాలుతోందో చెప్పదు, ఆకతాయి లాగినా అంతే నమ్మకంగా మోగుతుంది. చాలా నగరాలు వీటిని తీసేశాయి, బోస్టన్ మాత్రం ఇంకా నడుపుతోంది.

కొనాలనుకుంటే ముందు తలుపు తీయించి లోపల యంత్రం ఉందో లేదో చూడండి, ఖాళీ డబ్బాలూ అమ్ముతున్నారు. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, సాండ్‌పేపర్‌తో గీకకండి.