విశాఖ కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం: ఇంటిల్లిపాదీ చూడాల్సిన చోటు

సెలవులకి విశాఖ వెళ్తున్నాం అంటే ఎవరైనా చెప్పే లిస్టు ఒకటే. కైలాసగిరి, సింహాచలం, రుషికొండ, టైముంటే అరకు. ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా సబ్‌మెరైన్‌ని మాత్రం "ఎలాగూ బీచ్‌కి వెళ్తాం కదా, పనిలో పని చూసేద్దాం" అని చివర్లో తగిలిస్తారు. నా మాట వింటే దాన్ని ముందు పెట్టుకోండి. సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్నా, మా ఆయన, పిల్లలు, చెల్లెలి కుటుంబం అందరం కలిసి వెళ్ళాం. ఏడేళ్ళ మా చిన్నోడి నుంచి డెబ్బై దాటిన నాన్న దాకా అందరికీ ఒకేలా నచ్చింది మొత్తం ట్రిప్పులో ఇదొక్కటే. మిగతా చోట్ల పిల్లలు ఆడుకుంటుంటే పెద్దవాళ్ళు కూర్చున్నారు, లేదంటే పెద్దవాళ్ళు దణ్ణం పెట్టుకుంటుంటే పిల్లలు విసుక్కున్నారు.

బయట నుంచి చూస్తే బీచ్ ఒడ్డున నిలబెట్టిన పొడవాటి నల్లటి ఇనుప గొట్టంలా ఉంటుంది, 91 మీటర్ల పొడవు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. ఆ 31 ఏళ్ళలో 73,500 నాటికల్ మైళ్ళు తిరిగిందట. తర్వాత దాన్ని తుక్కు కింద అమ్మేయకుండా ఒడ్డుకి లాక్కొచ్చి 2002లో మ్యూజియంగా తెరిచారు, ఎవరికి వచ్చిన ఆలోచనో గానీ వాళ్ళకి నిజంగా దణ్ణం పెట్టాలి. ఇంత పెద్ద యుద్ధ సామగ్రిని, నిజంగా పనిచేసినదాన్ని, చేత్తో తాకేంత దగ్గర నుంచి మామూలు జనం చూడగలిగే చోట్లు మన దేశంలో ఎన్నో లేవు.

లోపల ఒక చివర ఎక్కి ఇంకో చివర దిగాలి. ఎటు చూసినా పైపులు, వాల్వులు, మీటర్లు, చక్రాలు, గోడ అనేది కనిపించదు అసలు. గదికీ గదికీ మధ్య మామూలు తలుపులుండవు, గుండ్రటి కంతలుంటాయి. ముందు ఒక కాలు అవతల పెట్టి, నడుం వంచి, తల దూర్చి, ఆ తర్వాత రెండో కాలు లాక్కోవాలి. పిల్లలు ఉడతల్లా దూరిపోయారు. అమ్మ కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పైనున్న ఇనుప కడ్డీ పట్టుకుని, "ఇందులోంచి రోజుకి ఎన్నిసార్లు తిరిగేవారో నాయనా" అనుకుంటూ దాటింది. మోకాళ్ళ నొప్పులు బాగా ఉన్నవాళ్ళు, నడుం వంగనివాళ్ళు ముందే ఆలోచించుకోవడం మంచిది, ఎందుకంటే సగం దాకా వెళ్ళాక వెనక జనం ఉంటారు, తిరిగి రావడం కష్టం. చీర కంటే చుడీదార్ హాయి.

దాదాపు 75 మంది ఇందులో వారాల తరబడి ఉండేవారు. పుస్తకంలో చదివితే ఇది ఒక అంకె, అంతే. ఆ మంచాలు చూస్తే తెలుస్తుంది. రైల్లో అప్పర్ బెర్త్ ఎంతో విశాలం అనిపిస్తుంది, వాటి ముందు. వాటిలో కొన్నయితే టార్పెడోలు, అంటే నీళ్ళలో దూసుకెళ్ళి ఓడల్ని పేల్చే ఆయుధాలు, పెట్టే గదిలోనే. మొత్తం 22 టార్పెడోలు మోసుకెళ్ళేదట ఇది, అంటే పేలుడు సామాను పక్కన పడుకుని నిద్రపోయేవాళ్ళన్నమాట. వంటగది మా ఇంట్లో బట్టల బీరువా కంటే కొంచెం పెద్దదేమో, అంతమందికీ అందులోనే వంట. చెల్లెలు ఆ వంటగది ముందు ఆగి చాలాసేపు కదల్లేదు.

అసలు విషయం గైడ్లు. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళే ఇక్కడ చూపిస్తారు, అందుకే వాళ్ళ మాటల్లో కంఠస్థం చేసి అప్పచెప్పే ధోరణి ఉండదు. మాకు దొరికిన పెద్దాయన చాలా ఓపికమంతుడు. మా చిన్నోడు సూటిగా "అంకుల్, స్నానం ఎక్కడ చేసేవారు?" అని అడిగితే ఆయన నవ్వి "స్నానమా బాబూ, మంచినీళ్ళు తాగడానికీ వంటకీ సరిపోతే చాలు మాకు" అన్నారు. వాడికి అది స్వర్గంలా అనిపించినట్టుంది. మా పెద్దమ్మాయి అడిగింది ఇంకా మంచి ప్రశ్న: కిటికీలే లేవు కదా, పగలో రాత్రో ఎలా తెలుస్తుంది? గడియారం చూసుకోవడమే, డ్యూటీ మారితే అదే మాకు పొద్దు అని ఆయన చెబుతుంటే పెద్దవాళ్ళం కూడా మాట్లాడకుండా విన్నాం.

అక్కడే నాన్న నోరు విప్పారు. 1971 యుద్ధం నాటికి ఆయన విశాఖలో కాలేజీ చదువు. సైరన్ మోగితే హాస్టల్లో దీపాలన్నీ ఆర్పేసేవారని, కిటికీలకి నల్ల కాగితాలు అంటించారని, డిసెంబరు 3 అర్ధరాత్రి సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వినిపించిందని చెప్పుకొచ్చారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ దగ్గర మునిగిపోయింది ఆ రాత్రే. అయితే దాన్ని ముంచింది ఇదేనా తాతయ్యా అని పిల్లలు ఎగబడితే, గైడ్ గారే సర్ది చెప్పారు, కాదమ్మా, కుర్సురా ఆ యుద్ధంలో గస్తీ తిరిగింది అటు అరేబియా సముద్రంలో అని. ఇన్నేళ్ళలో నాన్న ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. అడిగే సందర్భం మాకూ రాలేదు. ఇంట్లో ఆ వయసు పెద్దవాళ్ళుంటే వాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళండి అనేది అందుకే. దగ్గర్లోనే 1971 యుద్ధ స్మారకం "విక్టరీ ఎట్ సీ" కూడా ఉంది, 1996లో కట్టారు, అక్కడ కాసేపు ఆగండి.

సబ్‌మెరైన్ చూసి రోడ్డు దాటితే టీయూ-142 విమానం మ్యూజియం. 1988 నుంచి 2017 దాకా నేవీలో ఉండి, సముద్రం మీద తిరుగుతూ శత్రు సబ్‌మెరైన్లని వెతికిపట్టుకునే పని చేసింది. సబ్‌మెరైన్‌ని వేటాడే విమానం ఒక పక్క, సబ్‌మెరైన్ ఇంకో పక్క, మధ్యలో బీచ్ రోడ్డు! రెక్కల కింద నిలబడి ఇంజిన్లని జాగ్రత్తగా చూడండి, ఒక్కో ఇంజిన్‌కి ఒకటి వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు. మా ఆయన అక్కడి నుంచి రావడానికి పిల్లల కంటే ఎక్కువ మారాం చేశారు. నా వరకు విమానం రెండో స్థానమే, సబ్‌మెరైన్ లోపల మనుషులు బతికిన గుర్తు కనిపిస్తుంది, ఇక్కడ అంత లేదు. కానీ రెండూ వెంట వెంటనే చూస్తేనే కథ పూర్తిగా అర్థమవుతుంది, ఒకదానికి టైము లేదని వదిలేయకండి.

సోమవారం సెలవు. ఆదివారాలూ పండగ రోజులూ వద్దు, లైను కదులుతూనే ఉంటుంది, గైడ్‌ని ఆపి అడిగే వీలుండదు, ఆ మాటలు లేకపోతే ఇది ఉత్త ఇనుము చూసి వచ్చినట్టే. మామూలు రోజు మధ్యాహ్నం తెరవగానే వెళ్ళిపోండి. పిల్లలకి దారిలోనే నాలుగు ప్రశ్నలు ఆలోచించుకోమని చెప్పండి.

తిండి సంగతి కూడా చెప్పాలి. బీచ్‌కి కాస్త దూరంలో ఒక హోటల్లో భోజనానికి కూర్చుంటే చల్లారిన పప్పు, ఎండిపోయిన అప్పడం తెచ్చిపెట్టి బిల్లు మాత్రం ఘనంగా వేశారు. దానికంటే సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్), నిమ్మకాయా కారం రాసిన మొక్కజొన్న పొత్తు నయం, కడుపు నిండకపోయినా మనసు నిండింది. ఇక పిల్లలు సముద్రంలోకి దిగుతామని ఎంత గోల పెట్టినా ఆర్కే బీచ్‌లో మాత్రం పాదాలు తడిసే వరకే పంపండి. అక్కడ అలల లాగుడు చాలా ఎక్కువ, ఈత వచ్చిన కుర్రాళ్ళే కొట్టుకుపోయిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి.