క్లిక్కుల నాబ్ బంగారం, తాడు క్లిప్పు తలనొప్పి: ఒక డ్రాప్‌అవే రెస్ట్‌తో నా అనుభవం

డ్రాప్‌అవే రెస్ట్ అంటే విల్లు మీద బాణాన్ని మోసి, బాణం వదలగానే కిందికి వాలిపోయే అమరిక. దీన్ని నేను ఇంతకాలం విల్లు మీద ఉంచుకోవడానికి కారణం ఒక్కటే: బాణాన్ని పక్కలకూ, పైకీ కిందికీ జరిపే దాని క్లిక్కుల నాబ్. పాత రెస్ట్‌లో ఆలెన్ కీతో మర వదులు చేయగానే అమరిక మొత్తం కదిలిపోయేది. ఎంత జరిగిందో తెలిసేది కాదు, మళ్లీ బిగించేటప్పుడు ఇంకొంత జరిగేది. దీనిలో గీతకూ గీతకూ మధ్య అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఒక్కో క్లిక్కూ వేలికి తెలుస్తుంది, ఫలితం నచ్చకపోతే అన్నే క్లిక్కులు వెనక్కి తిప్పితే రెస్ట్ మొదటి చోటికే వస్తుంది. విల్లు ట్యూన్ చేయడమంటే విసుగు పుట్టిన నాలాంటివాడికి ఇది చిన్న సుఖం కాదు.

విల్లు వేటకు చేసిన కాంపౌండ్ బో, అంటే చివర్లలో కామ్‌లనే చక్రాలు, వాటి మధ్య కేబుళ్లు ఉండే రకం. టెక్సాస్‌లో ఉండే మా బావ కొత్తది కొనుక్కొని దీన్ని రెస్ట్‌తో సహా నాకు ఇచ్చాడు. అక్కడ ఆయనకు లైసెన్సు మీద జింకల వేట ఉంది. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కనుక, నల్లగొండ నుంచి కనగల్ వెళ్లే దారిలోని మా బత్తాయి తోటలో, మట్టికట్ట ముందు నిలబెట్టిన ఫోమ్ దిమ్మే నాకు గురి. ఆయనకు ఎప్పుడూ ఉండే బాధ, సాధనకు వాడే మామూలు మొనలు ఒకచోట దిగి, వేటకు వాడే బ్రాడ్‌హెడ్లు మరోచోట దిగడం. బ్రాడ్‌హెడ్‌కు ఉండే రేకులు బాణం ముందు భాగంలో రెక్కల్లా పనిచేస్తాయి. బాణం విల్లును వదిలేటప్పుడు రవ్వంత ఏటవాలుగా బయలుదేరినా గాలి ఆ రేకులను పట్టుకొని మొనను పక్కకు తీసుకుపోతుంది, వెనుక ఈకలు దాన్ని పూర్తిగా అదుపు చేయలేవు. నా దగ్గర బ్రాడ్‌హెడ్లు లేవు, వాటితో పనీ లేదు. అయితే అదే లోపాన్ని ఈకలు అంటించని బాణం, అంటే బేర్ షాఫ్ట్, ఇంకా నిర్మొహమాటంగా బయటపెడుతుంది. సవరించే దిశ కూడా ఒకటే: బ్రాడ్‌హెడ్ గానీ బేర్ షాఫ్ట్ గానీ మామూలు బాణాల గుంపుకు ఎడమన దిగితే రెస్ట్‌ను కుడికి, పైన దిగితే రెస్ట్‌ను కిందికి, అదీ చాలా కొద్దిగా జరపాలి. ఈకలు లేనందువల్ల బాణం వెనుక తగ్గే బరువును మాత్రం ఎలక్ట్రికల్ టేపు చుట్టి సరిచేసుకోవాలి. లేకపోతే రెండు రకాల బాణాలను పోల్చడంలో అర్థం ఉండదు.

నేను లింబ్‌ల (విల్లుకు పైనా కిందా వంగే చేతుల) బోల్టులు రెండూ సమంగా వదులు చేసి, విల్లు లాగడానికి పట్టే బరువును 70 పౌండ్ల నుంచి 60కి దించుకున్నాను. ఆ బరువుకు బావ బాణాలు మరీ గట్టివయ్యాయి కనుక కాస్త మెత్తని స్పైన్ ఉన్నవి, అంటే ఇంకొంచెం వంగేవి, తెప్పించుకున్నాను. అవి వచ్చాక కూడా 20 మీటర్ల నుంచి బేర్ షాఫ్ట్ జానెడు ఎడమకు, తోక కుడికి తిప్పుకొని దిగేది. క్లిక్కు వెంట క్లిక్కు రెస్ట్‌ను కుడికి తెచ్చిన కొద్దీ ఆ జానెడు బెత్తెడైంది, బెత్తెడు రెండు వేళ్లయింది, చివరకు బేర్ షాఫ్ట్ ఈకల బాణాలను ఒరుసుకుంటూ దిగింది. ఆ సాయంత్రం ఈ నాబ్‌ను ఎవరు పొగడమన్నా పొగిడేవాణ్ణి.

అసలు తగాదా ఎండాకాలంలో వచ్చింది. నల్లగొండ ఎండ గురించి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఈకల బాణాలు ఎప్పటిలాగే గుంపుగా పడుతున్నాయి, బేర్ షాఫ్ట్ మాత్రం కిందికి జారింది. ఒకరోజు రెండు వేళ్లు, మరో రోజు బెత్తెడు. ఒక పద్ధతి లేదు. రెస్ట్ అమ్మే దుకాణానికి ఫోన్ చేస్తే, బాణాలు పాడై ఉంటాయని, కొత్త సెట్టు తీసుకొమ్మని సలహా ఇచ్చారు. బావకు వీడియో పంపితే ఆయన ఒక్క మాటే అన్నాడు: "బామ్మర్దీ, నాబ్ ముట్టుకోకు. ముందు తాడు చూడు."

ఈ రకం రెస్ట్‌లో బాణాన్ని మోసే లాంచర్‌ను ఒక సన్నని తాడు పైకి లేపుతుంది. విల్లు లాగినప్పుడు కిందికి దిగే కేబుల్‌కు ఆ తాడును ఒక చిన్న క్లిప్పుతో బిగిస్తారు. నేను విల్లు లాగుతుంటే మేనల్లుణ్ణి పక్కన, నా భుజానికి కాస్త వెనుకగా నిలబెట్టి లాంచర్‌ను చూడమన్నాను. "మామా, అది పూర్తిగా లేస్తలేదు, కొంచెం ముందే ఆగిపోతున్నది" అన్నాడు. క్లిప్పు దగ్గర కేబుల్ మీద గోళ్ల రంగుతో గీత పెట్టి, ఒక పూట సాధన తర్వాత చూస్తే, గీతకూ క్లిప్పుకూ మధ్య బియ్యపు గింజంత ఖాళీ కనిపించింది. కేబుల్‌కు పట్టించిన మైనం ఎండకు మెత్తబడి, లాగిన ప్రతిసారీ క్లిప్పు కొద్దికొద్దిగా పైకి జారుతున్నదని నాకు అర్థమైంది. లాంచర్ పూర్తిగా లేవకపోతే బాణం ముందు భాగం కిందికి వాలి బయలుదేరుతుంది. ఈకలు ఆ తప్పును దారిలోనే సర్దేస్తాయి కనుక, బేర్ షాఫ్ట్ వేయని మనిషికి ఇది అసలు కనబడనే కనబడదు.

ఇక్కడే నా మొదటి పొగడ్తను కొంచెం తగ్గించుకోవాలి. ఎత్తు నాబ్‌ను పైకి కొన్ని క్లిక్కులు తిప్పి ఉంటే ఆ పూటకు బేర్ షాఫ్ట్ మళ్లీ గుంపులోకి వచ్చేదే. క్లిప్పు ఇంకొంత జారగానే ఇంకొన్ని క్లిక్కులు. సవరించడం ఇంత సులువైనప్పుడు ప్రతి జబ్బుకూ చేయి నాబ్ మీదికే పోతుంది, జబ్బు ఎక్కడుందో వెతకబుద్ధి కాదు. పైగా నాబ్ తీర్చలేనివి చాలా ఉన్నాయి. పొట్టి విల్లును పిడికిలి బిగించి పట్టుకుంటే చేతి మెలికకే బేర్ షాఫ్ట్ పక్కకు పోతుంది. కామ్ వాలి ఉన్నా అంతే. రైజర్ (విల్లు నడిమి పిడి భాగం) నుంచి బాణం నడిమికి సుమారు 13/16 అంగుళం దూరంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి మరీ దూరం జరపవలసి వస్తే తప్పు రెస్ట్‌ది కాదనే అనుకోవాలి.

క్లిప్పు తీసేయించి, తాడును కేబుల్ పోగుల మధ్య నుంచి దూర్చి, దారంతో చుట్టి కట్టించాను. ఆ పనికి విల్లును నొక్కిపట్టే బో ప్రెస్ కావాలి, దానికోసం హైదరాబాద్ పోవలసి వచ్చింది. ఆ తర్వాత లాంచర్ సమయం తప్పలేదు, గోళ్ల రంగు గీత ఉన్నచోటే ఉంది. ఈ రెస్ట్ ధరకు ఆ క్లిప్పును పెట్టెలో పెట్టి పంపడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కొనాలా వద్దా అంటే నా మాటను కొంత తగ్గించి తీసుకోవాలి: ఇది నాకు ఊరికే వచ్చింది, నేను పోటీలకు వెళ్లను. 50 మీటర్ల పోటీలకు సాధన చేసేవారు ఎక్కువగా కదలని బ్లేడ్ రెస్ట్‌నే వాడతారు. వారికి ఈ తాళ్ల గొడవే ఉండదు. చలి మొదలయ్యాక వేటకు వెళ్లే బావకు ఇదే రెస్ట్ మీద ఒక్క ఫిర్యాదూ లేదు. మే నెలలో తోటలో బాణాలు వేసేవారు, దగ్గరలో ప్రెస్ లేనివారు క్లిప్పును నమ్మకుండా మొదటి రోజే తాడు కట్టించుకుంటే నాబ్ ఇచ్చే సుఖం దక్కుతుంది. కేబుళ్లు మార్చే సమయం వచ్చినప్పుడు నేను లింబ్‌కు తాడు కట్టే రకానికి మారతానేమో, దానికీ ఇలాంటి క్లిక్కుల నాబ్ ఉంటేనే.