పెరుగన్నమా, చికెన్ అన్నమా, పెడిగ్రీనా: ఇంట్లో కుక్కకు ఏది మేలు?

బెంగళూరులో కుక్కల్ని పెంచే తెలుగువాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట చివరికి తిండి మీదకే వస్తుంది. "మేం తినేదే దానికీ పెడతాం, ఇన్నేళ్లలో ఏమీ కాలేదు" అనేవాళ్లు ఒకవైపు, "మనుషుల తిండి కుక్కకు విషం" అనేవాళ్లు ఇంకోవైపు. కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు ఇద్దరి మాటా విని టెన్షన్ పడి నాకు మెసేజ్ పెడతారు, అన్నం పెట్టాలా పెడిగ్రీ పెట్టాలా అని. (ఏ కంపెనీ డ్రై ఫుడ్డయినా సరే, ఇక్కడ పెడిగ్రీ అనే రాస్తున్నాను, అడిగేవాళ్లు అలాగే అడుగుతారు కాబట్టి.) అందరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక అయిపోయింది, అందుకే ఇది.

నన్నడిగితే అన్నమా ప్యాకెట్టా అన్నది రెండో ప్రశ్న. కుక్క గిన్నెలో పడేది పొయ్యి మీద తాలింపు పడకముందు తీసిందా, పడ్డాక తీసిందా? నాకు అదే మొదటి ప్రశ్న. దీని తర్వాతే మిగతావన్నీ.

ఎందుకో చెబుతాను. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే గంధకపు పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కణాలు పగిలిపోయి రక్తహీనత వస్తుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి కొట్టినా ఆ గుణం పోదు, కాబట్టి "పచ్చిది కాదులే, కూరలో మగ్గిపోయిందిలే" అనుకోవడానికి లేదు. శరీరం బరువులో అరశాతం ఉల్లిపాయ ఒకేసారి కడుపులో పడితే తేడా చేస్తుందని పశువైద్యులు చెప్పే లెక్క. అంటే 10 కిలోల కుక్కకు 50 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ. వెల్లుల్లి ఇంకా ఘాటు, అంత కూడా అక్కర్లేదు. అంత మోతాదు మేం ఎప్పుడూ పెట్టం అంటారా, రోజూ కొంచెం కొంచెం పడినా దెబ్బ పేరుకుంటూ పోతుంది. కూర గిన్నె తుడిచి అన్నం కలిపి పెట్టడం మన ఇళ్లలో రోజూ జరిగేదే కదా.

పైగా తిన్న రోజు ఏమీ కనపడదు. కొన్ని రోజులు పోయాక కుక్క డల్‌గా పడుకుంటుంది, చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. ఈ ఊళ్లో ఆ లక్షణాలు చూడగానే ఎవరికైనా ముందు టిక్ ఫీవరే గుర్తొస్తుంది. పిడుదుల బెడద ఇక్కడ ఎక్కువ, వాటివల్ల వచ్చే బెబీసియా అనే పరాన్నజీవి కూడా ఎర్ర కణాలనే పగలగొడుతుంది. అందుకని డాక్టరు అడగకపోయినా "ఆదివారం బిర్యానీ మసాలా తింది" అని మీరే చెప్పండి. వెల్లుల్లి పెడితే పిడుదులు పట్టవనే సలహా ఒకటి తిరుగుతుంటుంది, దాన్ని ఇక్కడే వదిలేయండి. పిడుదులు పోవు, పిడుదులు చేసే పనే వెల్లుల్లి కూడా చేస్తుంది.

రెండోది చింతపండు. ఇది చాలామందికి తెలియదు, మన తిండికి మాత్రం నేరుగా సంబంధం ఉన్నది. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు కిడ్నీలు ఎందుకు పాడవుతాయో చాలా ఏళ్లు అంతుపట్టలేదు. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ విష నియంత్రణ కేంద్రం వెటర్నరీ డాక్టర్లు టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించారు. అదే ఆమ్లం ఉండే క్రీమ్ ఆఫ్ టార్టార్ (బేకింగ్‌లో వాడే పొడి) తిన్న కుక్కల్లోనూ, చింతపండు తిన్న కుక్కల్లోనూ కిడ్నీలు అలాగే దెబ్బతిన్నాయి. చింతపండు పులుపులో ఎక్కువ భాగం ఈ ఆమ్లానిదే. ఇక సాంబారు, పప్పుచారు, పులుసు, పులిహోర, పక్కింటివాళ్లు డబ్బాలో పెట్టిచ్చే పులియోగరే, వీటి సంగతి మీరే ఆలోచించుకోండి. ద్రాక్షకైతే ఇంతవరకు పర్వాలేదనే హద్దు లేదు. ఒక కుక్క గుప్పెడు తిని మామూలుగా తిరుగుతుంది, ఇంకో కుక్కకు నాలుగైదు గింజలే ఆస్పత్రి దారి పట్టిస్తాయి.

కాబట్టి ఇడ్లీ తప్పు కాదు, దాని మీద పోసిన సాంబారు తప్పు. పెరుగన్నం తప్పు కాదు, కానీ ఇక్కడి హోటళ్లలో పెరుగన్నం మీద నల్లద్రాక్షలు, దానిమ్మ గింజలు చల్లి ఇస్తారు చూడండి, ఆ ద్రాక్షలు తప్పు. దర్శినిలో (ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్లో) తిని మిగిలిన కేసరిబాత్‌ను వీధి కుక్కకు పెట్టేముందు అందులో కిస్‌మిస్ ఉందేమో ఒక్కసారి చూడండి.

ఇప్పుడు పోటీదారుల దగ్గరకు.

పెరుగన్నం. మన ఊళ్లలో ఎన్ని తరాల కుక్కలు దీని మీద బతికాయో లెక్కలేదు. దీని మీద ఉన్న నిందల్లో సగం అబద్ధాలు. అన్నం తింటే గజ్జి వస్తుందంటారు. గజ్జి చర్మంలో చేరే సూక్ష్మమైన పురుగుల వల్ల వస్తుంది, బియ్యానికీ దానికీ సంబంధం లేదు. కుక్క తోడేలు జాతి కాబట్టి అన్నం అరగదంటారు. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది: పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు తోడేలులో కంటే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువ. మనుషుల పక్కన బతుకుతూ అది మన తిండికి అలవాటు పడింది. పాలకంటే పెరుగు నయం, ఎందుకంటే తోడుకున్నప్పుడు లాక్టోజ్ (పాలలోని చక్కెర) కొంత తగ్గుతుంది. పెద్ద కుక్కల్లో చాలావాటికి పాలు పడక విరేచనాలు అవుతాయి, అంతే తప్ప పాలు విషమేమీ కాదు.

అయినా పెరుగన్నం ఒక్కటే పెట్టి కుక్కను పెంచమని నేను చెప్పను. మాంసకృత్తులు చాలవు, కొవ్వు చాలదు, జింక్ లాంటివి దాదాపు లేనట్టే. కడుపు బాగాలేని రోజున, ఎండాకాలం మధ్యాహ్నం పూట సరే. ఎదిగే పిల్లకు మాత్రం ఇదే ఆధారమైతే కాల్షియం చాలక కాళ్లు వంకర్లు తిరుగుతాయి.

దీనికి బెంగళూరులో వచ్చే జవాబు రాగులు. "మేం రాగిముద్ద పెడతాం, కాల్షియం బోలెడు" అంటారు. నిజమే, మన ధాన్యాల్లో రాగిని మించింది లేదు, వంద గ్రాముల్లో దాదాపు 364 మిల్లీగ్రాములు ఉంటుందని హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల 2017 పట్టిక చెబుతుంది. కానీ లెక్క వేసి చూడండి. ఎదిగే కుక్కపిల్లకు ప్రతి 1000 కేలరీల తిండిలో 3 గ్రాముల కాల్షియం కావాలి. అచ్చంగా రాగే తిన్నా 1000 కేలరీలకు దాదాపు 1.1 గ్రామే వస్తుంది, అందులోనూ రాగిలోని ఫైటేట్లు అనే పదార్థాలు కొంత ఒంటికి పట్టనివ్వవు. రాగిముద్ద మంచిదే. అది కాల్షియం మాత్ర పని చేస్తుందనుకుంటేనే చిక్కు.

చికెన్ అన్నం, అంటే విడిగా వండింది. నా ఓటు దీనికే, దాచడానికేం లేదు. మా బుజ్జి 14 కిలోల ఇండీ (దేశవాళీ కుక్క), వయసులో పెద్దది. దాని వంట మా వంటకంటే ముందు అయిపోతుంది: బోన్‌లెస్ చికెన్, కందనకాయలు రెండు మూడు, గుమ్మడికాయ, బీన్స్, క్యారెట్ ముక్కలు, చిటికెడు పసుపు, ఉప్పు లేకుండా కుక్కర్లో రెండు విజిల్స్. అదంతా స్టీలు డబ్బాలోకి దిగాకే మన కూరకు మూకుడెక్కేది, ఉల్లిపాయ కోసేది. ఆ క్రమం తప్పనివ్వను. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే పైన కొవ్వు తెల్లగా పొరకట్టి ఉంటుంది, దాన్ని చెంచాతో ఎత్తేస్తాను, ఎందుకంటే కొవ్వు ఎక్కువైతే పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వస్తుంది, పండగ మర్నాడు వాంతులతో ఆస్పత్రికి వచ్చే కుక్కల్లో నెయ్యి, చికెన్ స్కిన్, వేపుడు ముక్కలు తిన్నవి ఉంటూనే ఉంటాయి. మాంసాన్ని వేళ్లతో విడదీసి కలుపుతాను. బోన్‌లెస్ అని ఇచ్చినదాంట్లో కూడా సన్నటి ఎముక పుల్ల తగులుతూ ఉంటుంది. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి సూదిలా గొంతులోనో పేగులోనో దిగుతుంది, కుక్కకు ఎముక వేయడం ధర్మం అనుకునే పెద్దవాళ్లకు ఇది చెప్పి ఒప్పించడం వేరే కష్టం.

మొన్నమొన్నటి దాకా ఇదేదో గారాబం అనేవాళ్లు. 2025 జులైలో బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) వీధి కుక్కలకు భోజనం పెడతామని ఏటా 2.88 కోట్ల పథకం ప్రకటించినప్పుడు ఊరంతా జోకులేసింది. జోకులు పక్కనపెట్టి కొలతలు చూస్తే కుక్కకు 150 గ్రాముల చికెన్, 100 గ్రాముల అన్నం, 100 గ్రాముల కూరగాయలు, 10 గ్రాముల నూనె. అన్నంకంటే చికెనే ఎక్కువన్నమాట. డబ్బు సంగతి, అమలు సంగతి ఎవరైనా ఎంతైనా వాదించుకోవచ్చు, ఆ కొలత మాత్రం బుద్ధిగా రాసిందే.

ఇక చికెన్ అన్నం లోపం. 2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ వాళ్లు ఇంటి వంటకాలు 200 తీసుకుని పరీక్షిస్తే 95 శాతంలో ఏదో ఒక పోషకం తక్కువపడింది. పుస్తకాల్లోంచి, నెట్‌లోంచి తీసిన ఆ వంటకాల్లో ఎక్కువ భాగం పశువైద్యులు రాసినవే. చికెన్‌లోనూ అన్నంలోనూ కాల్షియం నామమాత్రమే. కోడిగుడ్డు పెంకు కడిగి, వేడిచేసి, మిక్సీలో మెత్తగా పొడి కొడితే ఒక్క పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. మా బుజ్జి సైజు కుక్కకు రోజుకు అర టీస్పూన్ చాలు. కుక్కపిల్లలకు, ముఖ్యంగా ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతి పిల్లలకు ఇలా కంటి అంచనాతో వేయకండి, వాటికి ఎక్కువైనా ఎముకలు పాడవుతాయి. లివర్ మంచిదే, కానీ రోజూ వద్దు, ఎ విటమిన్ పేరుకుపోతుంది.

పెడిగ్రీ, అంటే ప్యాకెట్ గింజలు. నాకు పెద్ద ప్రేమ లేదు కానీ దాని గొప్పదనం ఒప్పుకోవాలి: మంచి ప్యాకెట్ మీద కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్ అని, ఏ వయసుకో కూడా రాసి ఉంటే మీరు లెక్కలు వేయనక్కర్లేదు. అందుకే ఏడాది లోపు పిల్ల అయితే నా ఇష్టాన్ని పక్కనపెట్టి ప్యాకెట్టే అంటాను. పొద్దున ఎనిమిదింటికి వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్‌లో పడాల్సినవాళ్లకు కూడా ఇదే. గింజలు తింటే కిడ్నీలు పోతాయనేది ఆరోగ్యంగా ఉన్న కుక్క విషయంలో ఒట్టి మాట, నీళ్ల గిన్నె నిండుగా ఉంచండి. ధాన్యం లేనిదే శ్రేష్ఠం అని ఎక్కువ ధరకు అమ్మే గ్రెయిన్ ఫ్రీ వెంట పడకండి, బఠాణీలు, పప్పులు దట్టించిన అలాంటి తిండికీ కుక్కల గుండె జబ్బుకీ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో దర్యాప్తు మొదలుపెట్టింది. లూజుగా సంచిలోంచి తూచి ఇచ్చే గింజలు చవకే, కానీ తెరిచిన సంచిలో కొవ్వు ముక్కిపోయి వాసన వేస్తుంది, తేమ తగిలితే బూజు. కొనకండి.

మరి ఏది? ఏడాది లోపు పిల్లకు ప్యాకెట్. పెద్ద కుక్కకు, వండే ఓపిక ఉంటే, విడిగా వండిన చికెన్ అన్నం గుడ్డు పెంకు పొడితో, లేకపోతే ఒక పూట గింజలు ఒక పూట వంట. రోజూ వంట మాత్రమే పెట్టేవాళ్లు ఒక్కసారి హెబ్బాళ వెటర్నరీ కాలేజీకో మీ డాక్టరు దగ్గరికో వెళ్లి కొలతలు రాయించుకోండి. పెరుగన్నం పక్కవాయిద్యం. మన కంచంలో మిగిలింది మాత్రం ఈ పోటీలోనే లేదు.

చిరుతిళ్ల సంగతి త్వరగా. రోజు కేలరీల్లో పదోవంతు దాటకూడదు, 10 కిలోల కుక్కకు అది దాదాపు ఒక ఇడ్లీ. అరటి, యాపిల్ గింజలు తీసి, పుచ్చకాయ, మామిడి గుజ్జు పర్వాలేదు, టెంక మాత్రం చేతికందనివ్వకండి. బటర్ ఫ్రూట్ (అవకాడో) విషమని భయపెడతారు, కుక్కలకు దానివల్ల అసలు ప్రమాదం గొంతుకు అడ్డుపడే గింజా, ఎక్కువ కొవ్వూ. ఉడికిన గుడ్డు బాగుంటుంది, పచ్చిది తాగిస్తే జుట్టు మెరుస్తుందనేది ఉత్తిది, పచ్చి తెల్లసొన బయోటిన్‌ను పట్టనివ్వదు. బెల్లం తిన్నందువల్ల కడుపులో పురుగులు రావు, అవి తల్లి నుంచో, మట్టి నుంచో, గోమార్ల (ఫ్లీస్) నుంచో వస్తాయి. మారీ బిస్కెట్ ఒకటీ అరా ఫర్వాలేదు. పచ్చి మాంసం పద్ధతి గురించి అడిగేవాళ్లకు: ఇక్కడి చికెన్ షాపు పరిస్థితి చూశాక నేను సిఫారసు చేయను.

చాక్లెట్, ద్రాక్ష, జైలిటాల్ (చక్కెరకు బదులు వేసే తీపి పదార్థం) ఉన్న షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ తిందని తెలిస్తే లక్షణాల కోసం ఆగకండి. జైలిటాల్ అరగంటలోనే షుగర్ పడగొట్టగలదు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పాత చిట్కా వద్దు, ఆ ఉప్పే ప్రాణం మీదకు తెస్తుంది. ఎంత తింది, ఎప్పుడు తింది గుర్తుపెట్టుకుని, ప్యాకెట్ కవర్ జేబులో పెట్టుకుని ఆటో ఎక్కండి, దారిలో ఆస్పత్రికి ఫోన్ చేయండి.