లోపలి టైరుకు గాలి పైపు: రెండు ఎండాకాలాలు వాడాక

లారీ వెనక జంట టైర్లలో లోపలిదాని గాలి చూడడమంటే మన దగ్గర ఇప్పటికీ రాడ్డుతో కొట్టి చప్పుడు వినడమే. పూర్తిగా దిగిపోయిన టైరును రాడ్డు పట్టిస్తుంది, కాదనను. కానీ 120 పౌండ్ల (చదరపు అంగుళానికి) గాలున్న టైరూ 90కి దిగిన టైరూ చెవికి ఇంచుమించు ఒకేలా మోగుతాయి. అసలు ప్రమాదం ఆ 90 దగ్గరే ఉంది.

చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైటు బ్లాకులు తోలే పది టైర్ల లారీ ఇది. నాలుగు లోపలి టైర్లకూ, వాల్వును చక్రం బయటిదాకా తెచ్చే, స్టీలు అల్లిక ఉన్న ఎక్స్‌టెన్షన్ పైపులు వేసి రెండు ఎండాకాలాలు దాటాయి. నాకు బాగా నచ్చింది ఒక్కటే, ఆ ఒక్కదాన్ని ఎంత పొగిడినా తక్కువే: చక్రం డిస్కు బెజ్జంలోకి చెయ్యి దూర్చకుండా, నిలబడ్డచోటునుంచే లోపలి టైరులో ఎన్ని పౌండ్లున్నాయో చదవొచ్చు. పైపు లేనప్పుడు రెండు తలల గేజీ పట్టుకుని, వెనక్కి తిరిగిన తలను లోపలి వాల్వు మీద సరిగ్గా కూర్చోబెట్టాలి. కాస్త వంకరగా పడితే గాలి బుస్సుమని పోతుంది, వేళ్ళు గీసుకుపోతాయి. అందుకే నూటికి తొంభై మంది ఆ పనే మానేస్తారు. పైపులు వేశాక నాలుగూ చూడడానికి ఐదు నిమిషాలు చాలు, క్లీనరు కుర్రాడు చెప్పకుండానే చూస్తున్నాడు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 10.00 ఆర్ 20 సైజు, పదహారు ప్లై (బలం రేటింగు) టైరు మీద 146/143 అని ఉంటుంది. ఒంటిగా ఉంటే 3000 కిలోలు, జంటలో ఉంటే ఒక్కోటి 2725 కిలోలు మోస్తుందని అర్థం. జంటలో బరువు ఎప్పుడూ సరిసమానంగా పడదు కాబట్టే ఆ తగ్గింపు. ఒకదాంట్లో గాలి తగ్గితే రెండోది దాని బరువు కూడా నెత్తిన వేసుకుంటుంది, తగ్గినది పక్కలు నలిగి లోలోపల కాగుతుంది. లోపలి టైరు అయితే ఒక పక్క బ్రేక్ డ్రమ్ము వేడి, ఇంకో పక్క బయటి టైరు, గాలి ఆడే సందే ఉండదు. పెట్టాల్సిన గాలిలో 20 శాతం తగ్గితే, అంటే 120కి 96 కిందికి దిగి బరువుతో నడిస్తే, దాన్ని పంచరైన టైరు కిందే లెక్కకట్టాలి. పక్క గోడలో స్టీలు తీగలు అలసి తెగి ఉండొచ్చు. లారీ మీదే ఉంచి గాలి ఎక్కిస్తే జిప్పు ఊడినట్టు ఒక్కసారిగా చీలుతుంది. విప్పి, లోపలా బయటా చేత్తో తడిమి చూసి, ఇనప పంజరంలో పెట్టి దూరంగా నిలబడి గాలి కొట్టించాలి.

గాలి చూసేది తెల్లారుజామున, బండి కనీసం మూడు గంటలు ఆగాకే. 27 డిగ్రీల దగ్గర 120 పెట్టిన టైరు, లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే 135 దాకా చూపిస్తుంది. రోహిణి కార్తె ఎండలో టంగుటూరు టోల్ దగ్గర ఆపి, ఎక్కువుందని 120కి వచ్చేదాకా గాలి వదిలేవాళ్ళున్నారు. చల్లారాక ఆ టైరు 107 దగ్గరికి దిగి కూర్చుంటుంది. జంటలో రెండింటికీ తేడా ఐదు పౌండ్లు దాటనివ్వకూడదు.

ఇక పైపు చేసిన ద్రోహం. రెండో వేసవిలో కుడి పక్క, వెనక హౌసింగు (ఇరుసు) లోపలి టైరు రోజుకు నాలుగైదు పౌండ్లు దిగడం మొదలైంది. పైపు బయటి కొసకు సబ్బు నీళ్ళు రాస్తే బుడగ రాలేదు. వాల్వులో గాలిని ఆపే పిన్ను మార్చినా లాభం లేదు. టైరు విప్పి ట్యూబును తొట్టిలో ముంచితే చుక్క బుడగ లేదు. ట్యూబుకూ రిమ్ముకూ మధ్య ఉండే ఫ్లాపు బాగుంది, టైరును రిమ్ము మీద పట్టి ఉంచే లాకింగ్ రింగు బాగుంది. పైపు లేకుండా బిగిస్తే మూడు రోజులు 120 కదల్లేదు. అప్పుడు ఆ పైపును స్టెప్నీ వాల్వుకు బిగించి, లోపలి కొస నట్టు మీద సబ్బు నురగ పెడితే సన్నగా, అర నిమిషానికో బుడగ. నట్టులోని రబ్బరు వాషరు డ్రమ్ము వేడికి గోరులా గట్టిపడి చదునైపోయింది. చల్లారినప్పుడు ముడుచుకుంటుంది, గాలి అక్కడినుంచే జారుతోంది. బండి మీద ఉండగా ఆ జాయింటు కంటికి కనబడదు, చేతికి అందదు.

పైపుల్లో రెండు రకాలు. ఈ రకంలో లోపలి పిన్ను ఎప్పుడూ నొక్కే ఉంటుంది, కాబట్టి పైపుకు ఎక్కడ కారినా టైరుకు కారినట్టే. గేజీ మాత్రం నిజం చెబుతుంది. రెండో రకంలో గేజీ నొక్కినప్పుడే లోపలి పిన్ను తెరుచుకుంటుంది. పైపు తెగినా టైరు నిలుస్తుంది, కానీ పిన్ను పూర్తిగా నొక్కుకోకపోతే గేజీ తక్కువ చూపిస్తుంది, అది నమ్మి ఎక్కువ కొట్టేస్తారు. కొలత కోసమే కొన్నది కాబట్టి మొదటి రకమే ఉంచాను. వాషర్లు మాత్రం ఏటా మార్చిలో, ఎండలు ముదరకముందే నాలుగూ మారుస్తున్నాను. అదే ఊపులో ఇంకో పైపు చూస్తే బెజ్జం అంచుకు రాసుకుని అల్లిక తీగలు పోగులు లేచి ఉన్నాయి. బెజ్జంలో రబ్బరు పట్టు వేసి పైపు కదలకుండా బిగించాలి. వీల్ నట్టు కింద రేకు క్లిప్పు పెట్టి పైపు కట్టేవాళ్ళున్నారు, అది వద్దు: రేకు నలిగేకొద్దీ నట్టు బిగువు తగ్గుతుంది.

బిగించేటప్పుడు చేత్తో బిగుసుకున్నంత, ఆపైన స్పానరుతో పావు చుట్టు. అంతకు మించితే వాషరు నుజ్జవుతుంది, వాల్వు కాడ మెలి తిరిగి ట్యూబు దగ్గర చిరుగుతుంది. రెండు టైర్ల వాల్వులూ చక్రానికి ఎదురెదురు పక్కల రావాలి. మూతలు ఇత్తడివే, లోపల రబ్బరు ఉన్నవి. అల్యూమినియం మూతలు పోర్టు ఉప్పుగాలికి ఇత్తడి మరలకు పట్టేసి, విప్పబోతే పైపు కొసే తిరిగొస్తుంది. ప్లాస్టిక్ మూత నెల తిరక్కుండా ఎక్కడో రాలిపోతుంది. పైపు డిస్కు ముఖం దాటి బయటికి పొడుచుకు రాకూడదు, క్వారీ దారిలో రాళ్ళు, తుమ్మకంపలు లాగేస్తాయి.

రాడ్డును పారేయమని కాదు. రెండు టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని పైపు చెప్పదు, రాడ్డు పెట్టి కెలికితేనే తెలుస్తుంది. లోపలి వాల్వు కాడ వాలిపోయి ఉంటే, తక్కువ గాలితో నడిచి టైరు రిమ్ము మీద జారిందని గుర్తు. అదీ కంటితోనే చూడాలి.

రోజూ నిండు బరువుతో, ఎండలో, క్వారీ దారిన తిరిగే బండి కాబట్టి మళ్ళీ కొనమన్నా ఈ పైపులే కొంటాను. ఊళ్ళో ధాన్యం బస్తాలు తోలే ఆరు టైర్ల చిన్న బండికి లోపలివి రెండే, వాల్వులు చేతికి అందుతాయంటే మంచి రెండు తలల గేజీ సరిపోవచ్చు. ఏటా చక్రాలు విప్పి వాషర్లు మార్చే ఓపిక లేకపోతే మాత్రం ఈ పైపుల జోలికి పోకండి.